బొమ్మ ప్రక్కని మాట

“మా చిన్ననాటి కార్టూనులే కార్టూనులు! ఇప్పటివి చూడ బుద్ధి పుట్టదు” అని నిట్టూర్చు తల్లులు ఈ నడుమ ఏ పేరంటమునకు బోయినను కనబడుచున్నారు. వీరు ముదుసలులేమియు కారు. ముప్పదియైదు, నలువది యేండ్లవారు. వెనుకటి తరమువారు చందమామలోని బొమ్మలను దలచుకొని పొంగిపోయినట్లే వీరు మోగ్లీని, టామ్ అను పిల్లిని, జెర్రీ అను ఎలుకను దలచుకొని పొంగిపోవుచున్నారు. ఒకరు ప్రారంభించినచో చాలును. తాంబూలములు చేత బట్టుకొనియే పదిమందియు ఆ ముచ్చట నందుకొందురు. పసుపు రాయువారు పసుపు మరతురు. ఇందు నవ్వదగిన దేమియు లేదు. బాల్యమును దలచుకొనుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. కాని మనము పోగొట్టుకొన్నది ఆ బొమ్మలనేనా, లేక వేరొకదానినా యను సంగతి తేల్చుకొనవలసి యున్నది. పోయినదేదో తెలియనియెడల మన పిల్లలకు దేనిని దెచ్చి యియ్యవలయునో మనకు తెలియదు గదా.

నాకు దెలిసిన ముచ్చట హైదరాబాదు పాతబస్తీది. చార్మినారు దాటి దక్షిణముగా నడచినచో శాలిబండ వచ్చును. ఆ చుట్టుపట్లనే లాల్ దర్వాజ, గౌలిపుర, ఛత్రినాక. ఈ పేటలలో ఇండ్లు ఒకదాని వీపు నొకటి యానుకొని యుండును. ఒక యింట తాలింపు వేసినచో నాలుగిండ్లవారు తుమ్ముదురు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ఏర్పడెను. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన యేట, దేశమునకు రంగుల ప్రసారము వచ్చెను. ఐనను రంగుల పెట్టె కొనగలిగిన యిండ్లు మా గల్లీలో చాలకాలమువరకు వ్రేళ్లమీద లెక్కింపదగినవే. కావున పెట్టె యున్న యింటి గుమ్మము ఆదివారమునాడు అందరి గుమ్మము. చెప్పులు బయట, పిల్లలు లోపల, పెద్దలు కిటికీకడ. ఆ యింటి యిల్లాలికి పాపము తల దువ్వుకొనుటకైనను మూల దొరకకుండెను. ఆ రోజులు ఎంత మధురములో యని అందరును వర్ణింతురు గాని ఆమె నడిగినవారు ఎవరును లేరు.

1993లో దూరదర్శన్‌వారు ‘జంగిల్ బుక్’ అను బొమ్మల కథను ఆదివారపు ఉదయములందు ప్రసారము చేసిరి. ఆ వేళకు గల్లీలో క్రికెట్టు నిలిచిపోవుచుండెను. పాలవాడు సహితము కిటికీకడ ఒక నిమేషము నిలిచి, లోపలికి తొంగిచూచి, ముందునకు సాగుచుండెను. ఆషాఢమాసమున లాల్ దర్వాజ బోనాల ఆదివారము వచ్చినప్పుడు పిల్లలకు గొప్ప సంకటము కలుగుచుండెను. వెలుపల డప్పులు, పోతరాజులు. లోపల మోగ్లీ, భాలూ. తల్లి తల స్నానము చేసి బోనమునకు సున్నము, పసుపు పూయుచునే “ఇగ చాలు, లేవుండ్రి!” అని కేకవేయుచుండగా పిల్లలు ఒక కన్ను తెరపైని, ఒక చెవి డప్పుపైని పెట్టి కూర్చుండువారు.

ఇక్కడ మీరు గమనింపవలసిన దొకటి గలదు. ఆ కథలోని మాటలు హిందీవి. ఉర్దూ మాటాడు ఇండ్లవారికి ఆ హిందీ సులభముగనే తెలియుచుండెను. తెలుగిండ్ల పిల్లలకును గల్లీలో నేర్చిన దక్కనీ చాలుచుండెను. తెలియనిదెల్ల గోడకానుకొని కూర్చున్న తెలుగు ముసలమ్మలకే. షేర్‌ఖాన్ అను పులికి నానా పాటేకర్ అను నటుడు గొంతు నిచ్చెను. ఆ గొంతు గరగరలాడగానే “ఏమంటున్నదిరా గీ పులి?” అని అవ్వ యడుగును. మనుమడు చెప్పును. వాడు సగము చెప్పి సగము మ్రింగును; మిగిలిన సగమును ఆమెయే కల్పించుకొనును. మా ప్రక్కయింటి అవ్వ యొకనాడు ఆ పులిని కొంతసేపు పరకాయించి చూచి, “వడ్డీ వసూలు చేసెటోని లెక్కనే మాట్లాడుతున్నది” అనగా ఇల్లంతయు గొల్లుమనెను. మోగ్లీని సాకిన ఆడుతోడేలు కనబడినప్పుడెల్ల ఆమె రెండు చేతులును జోడించి, “కనకున్నా సాకినవు, తల్లీ” అనుచుండెను. ఆమె స్వయముగా అక్క కొడుకు నొకని పెంచినదని మాకు పిమ్మట దెలిసెను. బొమ్మ నడచినది అరగంట. దానిచుట్టు మాట నడచినది మధ్యాహ్న భోజనమువరకు.

మన దేశమున బొమ్మలు పూర్వమునుండియు ఇట్లే బ్రదికినవి. తోలుబొమ్మలాటలో తెల్లని తెర, దాని వెనుక దీపము, నడుమ బొమ్మ. ఆ బొమ్మ తనంత తాను ఒక్క పలుకైనను పలుకదు. దాని నాడించువారు పలుకుదురు. సీతకును, ద్రౌపదికిని ఆ కుటుంబములోని స్త్రీలే గొంతు నిత్తురు. అనంతపురపు సీమలో ధర్మవరము చెంత నిమ్మలకుంటయందు నేటికిని ఈ బొమ్మలు చేయు కుటుంబములు గలవు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను. తెలంగాణములోని చేర్యాల నకాషీవారి పటములును ఇట్టివే. పొడవైన గుడ్డపై కులపురాణమును గడులు గడులుగా చిత్రింతురు. కథకుడు పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, గడి వెంబడి గడిని చూపుచు రాత్రులకు రాత్రులు చెప్పును. గడి వెంబడి గడి కదలుటకంటె కార్టూనువారి విద్యలో మాత్రము వేరు రహస్య మేమున్నది? అయితే మన పటము ఎన్నడును ఒంటరిగా లేదు. దాని ప్రక్కన మాటాడు మనిషి యొకరు ఎల్లప్పుడు నుండిరి.

టెలివిజను ఆ మనిషిని పెట్టెలోనికి లాగుకొనెను. పాతబస్తీలో మాత్రము భాష చాలక ఆ మనిషి మరల వెలుపలికి వచ్చి చాపమీద కూర్చుండెను. నేడు మనము తలచుకొని నిట్టూర్చునది, నా యెరుకలో, ఆ చాపను గూర్చియే.

కానిచో ఆ బొమ్మలలో అంత విశేషమేమున్నది? మోగ్లీ కథ మన సివనీ అడవులది. దానిని వ్రాసినవాడు కిప్లింగు అను ఆంగ్లేయుడు. 1989లో దానిని 52 భాగములుగా చిత్రించినవారు జపానుదేశపు నిప్పన్ యానిమేషన్ సంస్థవారు. అది హిందీ నేర్చుకొని గౌలిపురకు వచ్చునప్పటికి మూడు దేశముల నీళ్లు త్రాగినది. 1995 మే 1వ తేదీన కార్టూన్ నెట్‌వర్క్ అను ఛానెలు మన దేశమున ప్రారంభమయ్యెను. కేబులు తీగ వచ్చిన యింట మన పిల్లలు సరిక్రొత్తదని సంబరపడి చూచిన టామ్, జెర్రీల కథ 1940లో బుట్టినది; ఆ పిల్లల తాతలయీడుది. హన్నా, బార్బెరా అను నిరువురు ఎం.జి.ఎం. సంస్థలో దానిని నిర్మించిరి. అది ఏడు ఆస్కారు బహుమానములను బొందెను. 1957లో ఆ సంస్థవారు తమ కార్టూను శాలను మూసివేయగా ఆ యిరువురును టెలివిజనునకై బొమ్మలు చేయ బూనిరి.

సినిమా తెరపై ఒక సెకండునకు 24 చిత్తరువులు గడచిపోవును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు చూపినను సెకండునకు 12 బొమ్మలు చేతితో గీయవలయును, నిముషమునకు 720, ఏడు నిముషముల కథకు అయిదువేల పైచిలుకు. అంత ధనము టెలివిజనువారియొద్ద లేదు. కావున మొండెమును కదలనీయక నోటిని మాత్రము కదలించుట, పరుగెత్తువాని వెనుక అదే చెట్టును, అదే కిటికీని మరల మరల త్రిప్పుట యను పొదుపు విద్యను వారు సాధించిరి. 1960లో వచ్చిన ‘ఫ్లింట్‌స్టోన్స్’ను ఇప్పుడు చూచినచో ఆ పొదుపు స్పష్టముగా కనబడును. చిన్నప్పుడు మన కది కనబడలేదు. ఒకే పట్టుచీరను మూడు విధముల కట్టి మూడు పెండ్లిండ్లు గడపిన యిల్లాలి నేర్పువంటిది ఆ నేర్పు. నేను దానిని చిన్నబుచ్చుట లేదు. ఐతే అదియే స్వర్ణయుగమని, నేటి పిల్లలు చూచునదెల్ల చెత్తయని చెప్పుట న్యాయము గాదు.

ఇది మన పత్రిక గనుక, ఈ విద్యలో స్త్రీల పాలు ఎంతయని చెప్పక పోరాదు. నేటికి నిలిచియున్న నిండు నిడివి బొమ్మల చిత్రములలో మొట్టమొదటిది 1926లో లోటె రైనిగర్ అను జర్మను వనిత దీసిన ‘రాకుమారుడు అహ్మదు సాహసములు’. ఆమె కత్తెర బట్టి నల్లని అట్టను కత్తిరించి, కీళ్లు కట్టి, నీడబొమ్మలుగా దీపముపై కదలించెను. కథ అరేబియా రాత్రులలోనిది. ఆమెను మన తోలుబొమ్మల ఇంటి ఆడుపడుచు అన్నను తప్పులేదు. అమెరికాలో డిస్నీవారి శాలయందు 1930 ప్రాంతములలో స్త్రీలకు సిరా దిద్దుట, రంగులు నింపుట యను పనులే ఇచ్చిరి. బొమ్మకు ప్రాణము పోయు పని పురుషులది. 1942లో వచ్చిన ‘బాంబీ’ చిత్రమునందే రెటా స్కాట్ అను నామె పేరు యానిమేటరుగా తెరపై బడెను. ఆ శాలలో అట్టి గౌరవము పొందిన తొలి స్త్రీ ఆమెయే. మన దేశమున 1974లో విజయా మూలేగారు ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ అను చిన్న చిత్రమును రూపొందించిరి. దానికి భీంసేన్‌గారు తోడ్పడిరి. వలలో జిక్కిన పిట్టలు వలతోగూడ ఎగిరిపోవుటను దూరదర్శన్‌లో జూచి పెరిగిన మనలో, దాని వెనుక ఒక స్త్రీ యున్నదని ఎరిగినవారు ఎందరు? ఆమె 98 యేండ్లు జీవించి 2019లో స్వర్గస్థులైరి.

ఇక మన నగరము మాట. చూచు నగరమైన హైదరాబాదు గీయు నగరమైనది. రాజీవ్ చిలకగారు అమెరికాలో మొదట కంప్యూటరు విద్యను, పిమ్మట యానిమేషను విద్యను అభ్యసించి వచ్చి ఇచట 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థను నెలకొల్పిరి. 2008 ఏప్రిల్ 6వ తేదీన పోగో ఛానెలులో వారి ‘ఛోటా భీమ్’ ప్రారంభమయ్యెను. కొలది కాలములోనే ఢోలక్‌పూరు బాలుడు మదీనా, పత్తర్‌గట్టి దుకాణములలో బడిసంచులపైని, నీళ్లసీసాలపైని, పుట్టినరోజు టోపీలపైని వచ్చి కూర్చుండెను. 2010లో మన నగరమునందలి డి.క్యు. ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థ జర్మనీ, ఫ్రాన్సు టెలివిజనువారితో గూడి కంప్యూటరు బొమ్మలతో ‘జంగిల్ బుక్’ను నిర్మించెను. 1993లో జపానునుండి వచ్చిన మోగ్లీ పదునేడేండ్లకు మూసీ యొడ్డునుండి బయలుదేరి ఐరోపాకు పోయినాడన్నమాట. ఈ సంగతిని నిట్టూర్చువారికి నేను మొదట చెప్పుదును. వారిలో చాలమంది ఎరుగరు.

ఛోటా భీమును నేను నిష్కారణముగా మెచ్చుదానను గాను. ఆ కథలో చుట్కీ యను బాలిక కలదు. ఆమె తల్లి టున్‌టున్ మౌసీ లడ్డులు చుట్టి యమ్మును. భీముడు ఆ లడ్డు తిని బలము దెచ్చుకొని లోకమును రక్షించును. లడ్డు చుట్టిన చేతుల కేమి బలము వచ్చినది? చుట్కీ అప్పుడప్పుడు సాహసము చూపకపోదు; కాని అంగడి కూర్చునదియు, అన్నము మాట తలచునదియు ఆమెయే. మన కూతుండ్రు దీనిని దినమునకు రెండు మారులు చూచుచున్నారు. ఇట్టి మాట అనుటకైనను ఆ బొమ్మ ప్రక్కన ఒక తల్లి కూర్చుండవలయును. ఒక బాలిక “అమ్మా, చుట్కీ లడ్డు తినదా?” అని యడుగగా వింటిని. ఆ ప్రశ్నకు ఛానెలువారు జవాబు చెప్పరు.

ఇప్పుడు కార్టూనులు తెలుగున దొరకుచున్నవి. 2009లో చెన్నపట్నపు సన్ సంస్థవారు కుషీ టీవీ అను తెలుగు పిల్లల ఛానెలును ప్రారంభించిరి. ఇతర ఛానెళ్లును తెలుగు మాటలను చేర్చినవి. ఇది మేలే. కాని మనుమడు అవ్వకు అర్థము చెప్పవలసిన యవసరము దీనితోనే తీరిపోయెను. భాష వచ్చెను, దుబాసీ పోయెను. పిమ్మట ఫోను వచ్చి అవ్వను కూడ గదిలోనుండి పంపివేసెను.

ఫోను నిచ్చిన తల్లులను దూషించుట ఈ నాటి పెద్దల కొక వ్యసనమైనది. నేను దూషింపను. లాడ్ బజారునకు గాజులు చేయు ఇండ్లను మీరు చూచితిరా? లక్కను నిప్పుసెగపై మెత్తపరచి, వలయముగా జుట్టి, వేడి చల్లారకమునుపే అద్దపుబిళ్లలను, రంగురాళ్లను ఒక్కొక్కటిగా అద్దవలయును. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ గుర్తింపు ఇంటి పనికత్తె చేయి కాలకుండ ఆపదు. నిప్పు, కరగిన లక్క చెంత నున్నచోట మూడేండ్ల బిడ్డను ఎక్కడ గూర్చుండబెట్టవలయును? ఆమె ఫోనును గోడకు ఆనించి, బొమ్మ పెట్టి, పనిలో బడును. ఆమెకు అది దాది. తప్పు ఆమెది గాదు. కాని ఆ తెరలో ఒక బొమ్మ ముగియకముందే మరియొకటి తనంత తానే వచ్చుచున్నది. ఆదివారపు అరగంటకు అంతమున్నది, దీనికి లేదు. అంతము లేనిదానిని గూర్చి బిడ్డ ఎవరితోను మాటాడదు, ఏలయన మాటాడుటకు సందు లేదు. మా కాలమున కథ నడుమ ప్రకటన వచ్చినను, కరెంటు పోయినను, తరువాయి ఏమగునో యని కొట్లాడుకొనుటకు వారము దినములు గడువు దొరకుచుండెను.

మొన్న గౌలిపురలో ఒక స్నేహితురాలు నన్ను ఆపి యడిగెను: “అక్కా, మా పోరి బొమ్మల చదువు చదువుతనంటున్నది. గా చదువుతోని అన్నం పుట్టుతదా? గిప్పుడంతా మిషినే గీస్తున్నదంట గద!” ఈ ప్రశ్న నేడు పెక్కు ఇండ్లలో నున్నది గావున నేను చెప్పిన దానిని ఇచట వ్రాయుచున్నాను. మాసాబ్ ట్యాంకుకడ జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళా లలితకళా విశ్వవిద్యాలయమున యానిమేషను పట్టపు చదువు కలదు. పాతబస్తీ పిల్ల ఇంటినుండియే పోయి రావచ్చును. అంతవరకు బాగుగనే యున్నది. కాని ఈ వృత్తిలో భయము లేదని నేను చెప్పజాలను. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రమునందలి పెద్దపులిని సృష్టించిన అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్. దానికి మన హైదరాబాదునందును శాల యుండెను; ఇచటి యువతీయువకులు ఆ చిత్రమునకు పని చేసిరి. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రము దృశ్యచమత్కారమునకు ఆస్కారు గెలుచునప్పటికి, ఆ సంస్థ దివాలా యర్జీ పెట్టుకొని రెండు వారములైనను కాలేదు. బహుమానము ఒక చేతను, దివాలా మరియొక చేతను! పరుల బొమ్మకు కూలికి రంగు వేయువారి గతి ఎప్పుడును ఇంత సన్నని త్రాటిపైనిదే. ఛోటా భీమ్ నిలిచినదన్నచో, ఆ బొమ్మ ఇచటివారి సొంతము గనుకనే నిలిచినది.

ఇక యంత్రము మాట. 2025 మార్చిలో ఒక కృత్రిమమేధ వచ్చి ఫొటోలను జపానుదేశపు మియజాకిగారి బొమ్మల తీరున మార్చి యియ్యసాగెను. మన బంధువులందరును పెండ్లి ఫొటోలను, ఉపనయనపు ఫొటోలను అట్లు మార్చి ఒకరికొకరు పంపుకొనిరి. నేనును చూచి ముచ్చటపడితిని. ఒకే ఒక లోపము: అందరి అత్తగార్లును ఒకే విధముగా మెత్తగా నవ్వుచుండిరి.

ఆ పిల్ల గీసినవి చూపుమంటిని. లెక్కల పుస్తకము చివరి పుటలలో తన అవ్వ నేలమీద కూర్చుండుటను పదునాలుగు బొమ్మలుగా గీసినది. మొదట చేయి గోడకు బోవును. పిమ్మట చీర కుచ్చెళ్లు ముందునకు లాగుకొనును. అటుపై ఒక ప్రక్కకు ఒరిగి, ఎడమకాలు చాచి, మెల్లగా దిగును. పుటలను బొటనవ్రేలితో గబగబ త్రిప్పినచో ముసలమ్మ కూర్చుండును. ఆమెకు నొప్పి ఏ మోకాలిలో నున్నదో ఆ గీతలలో తెలియుచున్నది. “చేర్పించుము” అంటిని. తల్లి ఇంకను ఆలోచించుచున్నది. రుసుము కట్టవలసినది ఆమె గనుక నేను తొందరపెట్టలేదు.

పదిమంది కలిసి బొమ్మ చూచుట అంతరించినదని నేను అనను. 1995 మొదలు మన నగరము అంతర్జాతీయ బాలల చిత్రోత్సవమునకు స్థిరనివాసమైనది. రెండేండ్ల కొకసారి బాలల దినోత్సవపు వేళ, బస్సులనిండ బడిపిల్లలు సినిమాశాలలకు వచ్చి, తెలియని దేశముల బొమ్మలు చూచి, తెలియని భాషలకు తామే అర్థము కల్పించుకొని అరచుచుండిరి. ఆ సందడి వినుటకే నేను పోవుచుంటిని. 2017లో ఇరువదవ ఉత్సవము జరిగెను. దానిని జరపిన బాలల చిత్రసంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయెను. అట్టి సందడిని మరల 2025లో వింటిని. జూలై 25వ తేదీన ‘మహావతార్ నరసింహ’ అను బొమ్మల చిత్రము విడుదలయ్యెను. మన దేశపు బొమ్మల చిత్రములలో ఇంత ధనము రాబట్టినది వేరొకటి లేదు. తెలుగు మాటలతో అది ఆడిన శాలకు అవ్వలు, తల్లులు, చంకబిడ్డలు కలిసియే వచ్చిరి. స్తంభము పగులు వేళ నా వెనుక వరుసలో ఒక అవ్వ ప్రహ్లాదుని కథను తెరకంటె ముందుగా చెప్పుకొనిపోవుచుండెను. ఎవరో ఉష్షుమనిరి. ఆమె లెక్కచేయలేదు, నాకును ఆమె మాటయే ఇంపుగా నుండెను.

గ్రీన్ గోల్డువారిదే మరియొక బొమ్మ కలదు: ‘మైటీ లిటిల్ భీమ్’. 2019 ఏప్రిల్ 12వ తేదీన నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడెను. ఇందు భీముడు ఇంకను పాకు పసివాడు. తల్లి యున్నది, ఊరున్నది, లడ్డు లున్నవి. మాటలు మాత్రము లేవు. ఏ దేశపు బిడ్డకైనను తెలియునట్లు మాటలు మానివేసిరి. ఆ యేడే 2.7 కోట్ల ఇండ్లలో దానిని చూచిరని ప్రకటించిరి. ఇది వ్యాపారపు తెలివి కావచ్చును. కాని దానివలన వారు తలపెట్టని మేలొకటి జరుగుచున్నది.

ఛత్రినాకలో ఒక యింట పై వాటాలో తెలుగువారు, క్రింది వాటాలో ఉర్దూ మాటాడువారు. మధ్యాహ్నపు వేళ మెట్లమీద ఇద్దరు ముసలమ్మలు చెరియొక వైపున, నడుమ నాలుగేండ్ల మనుమరాలు, ఆమె యొడిలో ఫోను. తెరపై బుజ్జి భీముడు లడ్డు పళ్లెము వంకకు పాకుచుండెను. “వాళ్లమ్మ చూస్తలేదు, దొంగపోరడు!” అని అవ్వ యనెను. “నక్కో బోలో, అమ్మాకు సబ్ మాలూమ్ హై, చుప్ బైఠీ హై” అని దాదీమా యనెను. చూచినదనియు చూడలేదనియు ఇద్దరును వాదులాడుకొనిరి. పిల్ల ఒకరి మొగము, ఒకరి మొగము చూచి, వ్రేలితో బొమ్మను వెనుకకు జరిపి, ఈసారి తల్లి కన్నులనే చూడుడని ఇద్దరికిని ఆజ్ఞాపించెను.